వంతు

గురువారం. లాకు దగ్గర రాత్రి పదకొండు.
కాలువలో నీళ్ళు మూడడుగుల రెండంగుళాలు,
రిజిస్టర్లో రాసేశాను.
షట్టరు చక్రానికి ఇరవై రెండు చుట్లు.
పద్దెనిమిది తిప్పి ఊరుకుంటే
చూసేవాళ్ళకి తెరిచినట్టే ఉంటుంది,
శివారు చేలకి మాత్రం చుక్క ఎక్కదు.
పాతికేళ్ళ లస్కరు ఉద్యోగంలో
నాకు బాగా వచ్చిన లెక్క ఇదొక్కటే.

ఇవాళ వంతు బుల్లబ్బాయి గారి శివారుది.
దాళ్వా ఆలస్యమైంది, కంకి ఇప్పుడే పాలు పోసుకుంటోంది.
ఈ తడి అందకపోతే మిగిలేది తాలే.

ఎగువ రొయ్యల చెరువుల సూరన్న
సాయంత్రం ఇంటికొచ్చి వెళ్ళాడు.
పీట మీద రెండు ఐదొందల కాగితాలు పెట్టి
గాలికి ఎగరకుండా వాటి మీద నా టార్చిలైటే పెట్టి
"ఆయన మీద నీకు మాత్రం ఏం ప్రేముందిలే ఏసుపాదం" అన్నాడు.
నిజమే. లేదు.

తొమ్మిదేళ్ళ కిందట, ఊడ్పుల రోజులు, ముసురు.
మా నాన్న పెట్టెని సమాధుల తోటకి తీసుకెళ్ళాలి.
ఆయన చేలగట్టు తప్ప వేరే దారి లేదు.
గట్టుకి అడ్డంగా తుమ్మకంప వేయించాడు.
"నానిపోయుందిరా, గట్టు జారిపోద్ది" అన్నాడు,
మెల్లగానే అన్నాడు.
ఆరుగురం బోదెలోకి దిగాం.
రొమ్ముల్లోతు నీళ్ళు, తలల మీద పెట్టె,
పెట్టెలో, జన్మలో పంటు ఎక్కని
నీళ్ళంటే భయపడే మనిషి.
వెనక మా అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని.
ఆ బోదెకి నీళ్ళు వదిలిందెవరనుకున్నారు?
ముందురోజు, నేనే.

మొన్న పాస్టరు గారు శత్రువుల గురించి చెప్పారు.
బాగానే చెప్పారు. ఫ్యాను కింద నిలబడి చెప్పారు.
ఆయనకి ఈ చక్రం తెలీదు.
పద్దెనిమిది దాకా తేలిగ్గా తిరిగి
పంతొమ్మిది నుంచీ బిగుసుకుంటుంది.

పద్దెనిమిది.
చెయ్యి తీసేశాను.
బీడీ మానేసి ఏడేళ్ళు, లేకపోతే అప్పుడే వెలిగించేవాణ్ణి.
కప్పలు. దూరంగా చెరువుల మీద ఏరేటర్ల హోరు.
ప్రార్థన చేద్దామనుకుంటే
మాట రాలేదు, ఆవలింత వచ్చింది.
సాయంత్రం ఆ కాగితాలు చూసి
మా సువార్త ఏమీ అనలేదు.
క్యారేజీ మూత బిగిస్తూ
"ఆ చేలో కోతకెళ్ళేది మన పేటోళ్ళే కదా" అంది.
అంతే అంది.

పంతొమ్మిది. మోకాలు పట్టేసింది.
ఇరవై.
ఇరవై ఒకటి దగ్గర నాన్న గుర్తొచ్చాడు.
పెట్టెలో నాన్న కాదు,
ఎక్కాలు తప్పితే మొట్టికాయ వేసే నాన్న.
ఇరవై రెండు.
తూములోంచి నీళ్ళు
అందరి చేలకీ దూకినట్టే దూకాయి.

క్షమించావా అంటే, ఏమోనండి.
నీళ్ళు వదిలాను.

తెల్లారి గట్టు మీద ఎదురయ్యాడాయన.
మడి వైపు చూసి, నా వైపు చూసి
"రాత్రి కరెంటు పోయిందేరా మీ వైపు?" అన్నాడు.
పోయిందండి అన్నాను.
సూరన్న కాగితాలు సూరన్నకి ఇచ్చేశాను.
అప్పట్నుంచీ అతనికి నేను కనబడ్డం లేదు.

మట్టలాదివారం.
పిల్లలు కొబ్బరాకులు ఊపుకుంటూ గుడి చుట్టూ తిరిగారు,
ఒకడు రెండోవాడి కంట్లో పొడిచాడు.
సాక్ష్యం చెప్పమన్నారు నన్ను.
లేచి, మోకాలి నొప్పి కోసం ప్రార్థన చెయ్యమన్నాను.
రొట్టె ముక్క అందుకుంటుంటే కనిపించింది,
గోళ్ళ సందుల్లో షట్టరు గ్రీజు,
సబ్బుకీ కిరసనాయిలుకీ లొంగనిది.
అలాగే తీసుకున్నాను.

ఎనిమిదో రోజుకి మళ్ళీ అదే శివారు వంతు.
లెక్కేస్తే మంచి శుక్రవారం రాత్రి పడింది.
డ్యూటీ ఎవరైనా మార్చుకుంటారేమో అడగాలి.
ఇంకా అడగలేదు.